‘స్కూలు’ శబ్ద విమర్శనము

కొన్ని మాసముల క్రిందట నొక పాఠశాల వార్షికోత్సవమున ఉపన్యసించిన పెద్ద యొకరు, ఇంగ్లీషువారి ‘స్కూలు’ శబ్దము మన ‘శాల’ శబ్దమునుండియే పుట్టినదని సెలవిచ్చిరి. సభ్యులు సంతోషముతో కరతాళధ్వనులు చేసిరి. నేనును ఆ సభలో వెనుక వరుసయందు కూర్చుండియుంటిని. వక్తగారి సంస్కృతాభిమానమును నేను శంకింపను. సంస్కృతమునందు నాకును భక్తి కలదు. దానిని, ఇంగ్లీషును పిల్లలకు చెప్పుచునే ఇరువదియేండ్లుగా పొట్ట పోసికొనుచున్నాను. కాని అభిమానము వేఱు, నిరుక్తము వేఱు. రెండు శబ్దములు చెవికి దగ్గఱగా వినబడినంత మాత్రమున చుట్టములు కాజాలవు. ఆ వాక్యము తప్పగుట యొక్కటే నన్ను బాధించినది కాదు. ఆ తప్పు చాటున, ఆ శబ్దము మనతో చెప్పవలసిన మాట మఱుగుపడి పోవుచున్నది. దానిని చదువరుల ముందుంచుటకే ఈ వ్యాసము.

మొదట ధ్వనివిషయమును చూతము. సంస్కృతమున తాలవ్య శకారమున్నచోట, గ్రీకు లాటిను భాషలలోని జ్ఞాతిశబ్దములందు కకారము కనబడుట సామాన్యనియమము. మన ‘శతము’నకు గ్రీకున ‘హెకతోన్’, లాటినున ‘కెంటుం’. మన ‘దశ’కు గ్రీకున ‘దెక’, లాటినున ‘దెకెం’. కాబట్టి ‘శాల’కు ఆ భాషలలో చుట్టమున్నచో అది కకారముతో మొదలు కావలెను. గుడిసె యను నర్థముగల ‘కలియా’ యను గ్రీకు మాటను కొందఱు పండితులు అట్లే ‘శాల’తో ముడిపెట్టుదురు. ఇంగ్లీషు, జర్మను మొదలగు భాషలలో ఆ కకారము హకారమగును. ‘కెంటుం’ అచ్చట ‘హండ్రెడ్’ అయినది. అందుచేత ఇంగ్లీషునందలి ‘హాలు’ను గూడ ఆ కుటుంబములోనే చేర్చినవారు కలరు. అనగా మన శాలకు చుట్టరికమే వెదకవలసివచ్చినచో, దొరకునది స్కూలు కాదు, ఆ స్కూలులోని హాలు!

స్కూలు శబ్దపు వంశవృక్షము దాగియున్నది కాదు. ప్రాచీనాంగ్లమున ‘స్కోల్’ అనిరి. అది లాటిను ‘స్కోలా’నుండి వచ్చినది, లాటినువారు గ్రీకులనుండి ‘స్ఖోలే’ యను మాటను అరువు తెచ్చుకొనిరి. ఈ ‘స్ఖోలే’ను పట్టుకొనుట, నిలుపుట అను నర్థముగల ధాతువునుండి పుట్టినదిగా భాషాశాస్త్రజ్ఞులు సామాన్యముగా చెప్పుదురు. ‘కలిగియున్నాను, పట్టియున్నాను’ అనుటకు గ్రీకున ‘ఎఖో’ యందురు; ఆ క్రియయొక్క కుఱుచరూపమైన ‘స్ఖ్’ ఈ శబ్దమునకు మొదలు. ఆ ధాతువే మన సంస్కృతమున ‘సహ’ ధాతువు. వేదభాషలో దానికి అణచుట, జయించుట యను నర్థము ప్రబలముగా నుండి, తరువాత ఓర్చుకొనుట యను నర్థము స్థిరపడినది. జర్మనులు జయమును ‘జీగ్’ అనుటయు ఆ ధాతువుననే. కాబట్టి ఆ సభలోని పెద్దగారు చుట్టరికము కలదనుటలో తప్పలేదు. చుట్టమును గుర్తించుటలో తప్పిరి. స్కూలునకు మన యింట బంధువు శాల కాదు, సహనము.

ఒకే తల్లిబిడ్డలైన మఱి రెండు మాటలను గూడ ఇచ్చట చెప్పవచ్చును. వస్తువు తన్ను తాను నిలుపుకొను తీరు గనుక రూపమునకు గ్రీకులు ‘స్ఖేమా’ యనిరి. అది నేటి ‘స్కీము’. ప్రవాహము నొకచోట నిలుపుట గనుక ‘ఎపోఖే’ యనిరి. అది నేడు యుగమును తెలుపు ‘ఎపోక్’. ఇట్లే చేయుచున్న పనిని నిలిపి, తన్ను తాను పట్టుకొని యుండుట ‘స్ఖోలే’. ఆ మాటకు గ్రీకున మొదటి యర్థము బడి కాదు, చదువు కాదు, తీరిక. సోమరితనము, జాగు అను నర్థములు గూడ దానికి లేకపోలేదు. పనివేళల నొక్క నిమిషము జాఱవిడిచినను తప్పుగా నెంచు మన బడులకు తీరిక యనునదే పేరగుట చదువరులకు వింతగా నుండవచ్చును. మూలమున నున్నది అదియే.

వింత యింతటితో పోలేదు. పనికి గ్రీకులు పెట్టిన పేరు ‘అస్ఖోలియా’. మన ‘అధర్మము, అజ్ఞానము’ అను మాటలలోని అకారమే దీని మొదటను నున్నది. తీరిక లేకపోవుట యని దాని యర్థము. లాటినువారును తీరికను ‘ఓటియుం’ అని, వ్యవహారమును ‘నెగోటియుం’ అనిరి. తీరిక కానిది యని ఆ మాటకును భావము. నేటి ఇంగ్లీషున బేరసారములకు వాడు ‘నెగోషియేషన్’ దానినుండి వచ్చినదే. మనము పనిని ఉన్నదానిగా నెంచి, అది లేనిచోటును తీరిక యనుచున్నాము. వారు తీరికను ఉన్నదానిగా నెంచి, అది లేనిచోటును పని యనిరి. ఏది భావము, ఏది అభావము అనుటలోనే ఒక జాతి మనస్సు తెలియును.

ఈ భావము మన పూర్వులకు తెలియనిది కాదు. అమరసింహుడు ‘క్షణ’ శబ్దమునకు మూడర్థములు చెప్పినాడు. వ్యాపారము లేక యుండుట యొకటి, కాలభాగ మొకటి, ఉత్సవ మొకటి. అందు మొదటిది గ్రీకుల స్ఖోలేకు సరితూగునది. నేడు మనము ‘క్షణము తీరిక లేదు’ అనుచు, ఒకప్పుడు తీరిక యను నర్థముగల మాటనే తీరిక లేమిని కొలుచుటకు వాడుచున్నాము.

తీరిక బడిగా నెట్లు మాఱినది? దీనికి గ్రీకుల వ్రాతలే సాక్ష్యము. ప్లేటో తన ‘థియేటేటస్’ అను గ్రంథమున న్యాయస్థానములలో వాదించువారిని, తత్త్వవిచారము చేయువారిని పోల్చినాడు. మొదటివారిని నీటిగడియారము తఱుముచుండును. నీరు కాఱిపోవులోపల మాట ముగింపవలెను. రెండవవారికి తీరిక యుండును. సత్యము చిక్కువఱకు ఒక మాటనుండి మఱియొక మాటకు పోగలరు. అరిస్టాటిలు, ఈజిప్టుదేశమున గణితశాస్త్రము పుట్టుటకు అచ్చటి పూజారివర్గమునకు తీరిక యుండుటయే కారణమనినాడు. మఱియొకచోట, మనము తీరికకొఱకే పనిచేయుచున్నామను నర్థము వచ్చునట్లు చెప్పినాడు. ఇట్లు తీరిక యను మాటకు, తీరికవేళ చేయు చర్చ యను నర్థము వచ్చినది. పిదప ఆ చర్చను వినిపించు ఉపన్యాసము, ఆ పిదప అది జరుగు స్థలము, తుదకు ఆ స్థలమున నొక గురువును అనుసరించువారి సమూహము. నేడు చిత్రకళలో, తత్త్వశాస్త్రములో ‘ఫలానా స్కూలు’ అని సంప్రదాయమును చెప్పుట ఈ చివరి యర్థముననే. గ్రంథపు అంచులలో వ్రాసిన వ్యాఖ్యలకు ‘స్కోలియా’ యని పేరు వచ్చుటయు, పండితుడు ‘స్కాలరు’ అగుటయు ఈ వరుసలోనివే.

రోమునుండి ఈ శబ్దము యూరపుఖండ మంతయు నడచినది. ఇటలీలో ‘స్కూవోలా’, స్పెయినున ‘ఎస్క్వేలా’, ఫ్రాన్సున పూర్వము ‘ఎస్కోల్’, నేడు ‘ఎకోల్’, జర్మనీలో ‘షూలె’, స్వీడనున ‘స్కూల’, రష్యాలో ‘ష్కోలా’, వేల్సున ‘అస్గోల్’. లాటినుకు సంతతి కాని భాషలును దీనిని విడువలేదు. హంగేరీవారు ‘ఇష్కోల’ యందురు. ఫిన్లండువారు ‘కోఉలు’ అందురు. టర్కీదేశమున 1930వ దశకపు భాషాసంస్కరణమునందు, అరబ్బీనుండి వచ్చిన ‘మెక్తెప్’ను తొలగించి ‘ఒకుల్’ను నిలిపిరి. చదువుట యను నర్థముగల ‘ఒకు’ ధాతువు దానికి మూలముగా చెప్పబడినను, ఫ్రెంచి ‘ఎకోల్’ యొక్క నీడ దానిపై పడినదని పండితుల మతము.

ఇందొక చిన్న సంగతిని మన ఉపాధ్యాయులు గమనింపవలెను. పల్లెటూరి తల్లి ‘ఇస్కూలు’ అన్నచో మనము నవ్వుదుము. మాట మొదట సకారముతో కూడిన సంయుక్తాక్షరమును పలుకుటకు కష్టమైనప్పుడు ముందొక అచ్చును చేర్చుట నాలుక సహజధర్మము. లాటిను శాసనములలోనే ఇట్టి ఇకారాగమము కానవచ్చును. స్పెయినువారి, వేల్సువారి, హంగేరీవారి మాటలు పుట్టినది ఈ త్రోవనే. సంస్కృతపు ‘స్త్రీ’ ప్రాకృతమున ‘ఇత్థీ’ యగుటయు ఇట్టిదియే. విద్వాంసుల భాషలు చేసిన పనినే ఆ తల్లి చేసినది. మనము నవ్వవలసిన పని లేదు.

అర్థములును రూపములవలెనే తిరిగినవి. రోమకసామ్రాజ్యము చివరి దినములలో చక్రవర్తి అంగరక్షకదళములకు ‘స్కోలా’ యని పేరుండెను. వెనిసు నగరమున గృహస్థులు చేరి దానధర్మములు చేయు సంఘములు ‘స్కూవోలా’లు, టింటొరెట్టో చిత్రములతో ప్రసిద్ధికెక్కిన సాన్ రోకో మందిరము అట్టి సంఘమునదే. యిద్దిషు భాష మాటాడు యూదులకు ‘షుల్’ అనగా ప్రార్థనామందిరము. కాని ఇంగ్లీషున చేపల గుంపును ‘స్కూలు’ అనుటను జూచి దానినిగూడ ఈ జాబితాలో చేర్చరాదు. అది మంద యను నర్థముగల డచ్చి మాట. రూపమే ఒకటి, పుట్టుక వేఱు. పోలిక చూచి చుట్టరికము కట్టుట ఎంత ప్రమాదమో దీనివలనను తెలియును.

అన్నిటికంటె విచిత్రము, చదువుచోటును ఆటపేర పిలుచుట. లాటినువారు పిల్లల బడిని ‘లూడుస్’ అనిరి. ఆ మాటకు ఆట యనియు అర్థమే. పేరు ఆట, తీరిక. లోపల జరిగినది బెత్తము. క్రీస్తుశకము నాలుగవ శతాబ్దమున నేటి ఫ్రాన్సులోని బోర్డో నగరమున అవుసోనియుస్ అను ఉపాధ్యాయు డుండెను. ముప్పదియేండ్లు బడి నడపి, రాకుమారునకు గురువై, 379లో కాన్సలు పదవినందిన వాడు. అతడు తన మనుమనికి వ్రాసిన పద్యమున, బడికి గ్రీకులు పెట్టిన పేరు తీరిక యని జ్ఞప్తిచేసి, గురువుగారి బెత్తమును జూచి భయపడవలదని ధైర్యము చెప్పెను. పేరునకును వాస్తవమునకును నడుమ ఎంత దూరమో ఆ తాతకు తెలియును. పదునాఱు శతాబ్దములు గడచినను ఆ దూరము తఱుగలేదు. తెల్లవాఱకముందు లేపి రాత్రి ప్రొద్దుపోవువఱకు పిల్లలను పుస్తకములముందు కట్టివేయు వసతిచదువులు మన తెలుగునాట వర్ధిల్లుచున్నవి. వానికి గ్రీకుభాషలో నొక పేరు పెట్టవలసివచ్చినచో ‘అస్ఖోలియా’ యని పెట్టవలెను.

ఇంతవఱకు చదివి, ఆహా గ్రీకులు ఎంత ధన్యులని ఎవరైన అనుకొందురేమో. అట్లనుకొన్నచో నా విమర్శనము సగములో నిలిచినట్లే. ఆ తీరిక యెవరిది? ఏథెన్సు నగరమున స్వతంత్రుడైన పురుషునిది. అతడు చర్చలో కూర్చుండగా పొలము దున్నినవారు, గనులలో వెండి త్రవ్వినవారు, ఇంట పిండి విసరినవారు చాలవఱకు బానిసలు, స్త్రీలు. అరిస్టాటిలు బానిసను ప్రాణమున్న పనిముట్టుగా వర్ణించినాడు. మగ్గములోని నాడె తనంతట తాను నేయగలిగినచో యజమానులకు బానిసలతో పని యుండదనియు అతడే వ్రాసినాడు. తీరిక యెంత ఉత్తమమో తెలిసిన ఆ మహామేధావికి, అది యెవరి వీపుపై నిలిచియున్నదో తెలియకపోలేదు. తెలిసియు అది ప్రకృతిసిద్ధ మనుకొన్నాడు. నేడు బోధనాశాస్త్రమునకు ‘పెడగాగీ’ యని గొప్ప పేరు. దానికి మూలమైన ‘పైదగోగోస్’ గురువు కాడు. యజమాని కొడుకును చేయిపట్టుకొని బడికి తీసికొనిపోవు బానిస. బడివఱకు పోయెను గాని ఆ బడి యతనిది కాదు. మన దేశమున వేదాధ్యయనమునకు ఎవరిని దూరముంచితిమో ఎఱిగిన మనకు ఏథెన్సును వేలెత్తి చూపు అధికారము లేదు. మన లోపమును పోల్చుకొనుటకు మాత్రము అది యద్దము కాగలదు.

ఇప్పుడు మన ‘తీరిక’ను చూతము. అది ‘తీఱు’ ధాతువునుండి వచ్చినది. ముగియుట యని యర్థము. పని తీఱిన పిదప మిగులునది తీరిక. గ్రీకు మాట అట్టిది కాదు. పని తీఱినను తీఱకున్నను దానిని నిలిపి పట్టుకొన్నది స్ఖోలే. ఒకటి మిగులు, రెండవది నిలుపు. ఈ రెంటికిని గల భేదము నాకు నిఘంటువులవలన తెలియలేదు; నా తరగతిలోని యొక బాలికవలన తెలిసినది.

ఆమె ఎనిమిదవ తరగతి చదువుచుండెను. తఱచు ఆలస్యముగా వచ్చెడిది. ఒకనాడు వ్యాసము వ్రాసికొని రాలేదు. ఏమని యడిగితిని. “తీరిక దొరకలేదండి మాస్టారూ” అన్నది. నేను ఆమె పుస్తకమున ‘సాకు’ అని ఎఱ్ఱసిరాతో వ్రాసితిని. కొంతకాలమునకు ఆ యింటి సంగతి తెలిసినది. వేకువను నీళ్లు పట్టుట, వాకిలి ఊడ్చుట, అంట్లు తోముట, చంటిబిడ్డకు అన్నము పెట్టుట, అన్నియు ఆమెవే. ఆమె తమ్ముడు మా బడిలోనే రెండు తరగతులు క్రింద చదువుచుండెను. ఒకే యింటినుండి, ఒకే త్రోవను రావలసినవారు. వాడు ఏనాడును ఆలస్యముగా రాలేదు. వాని వ్యాసములు సకాలమున వచ్చెడివి. వానికి ‘బాగు’ అని వ్రాసినవాడను నేనే. ఏథెన్సును గూర్చి ఇంత చదివినవాడను, నా తరగతిగదిలోని ఏథెన్సును గుర్తింపలేకపోయితిని.

ఆ బాలిక తల్లి చెడ్డది కాదు. ‘పని తీఱిన పిదప చదువుకో’ అని ఆమెయు చెప్పెడిది. ఆ మాటలో దయ కలదు, మోసముగూడ కలదు. ఇంటిపని తీఱునది కాదు. ఉదయమున తోమిన అంట్లు మధ్యాహ్నమునకు మరల పడును. తీఱని పనివెనుక రావలసిన తీరిక ఏనాటికిని రాదు. ఆ తల్లికి రాలేదు, ఆమె తల్లికిని రాలేదు. మగపిల్లవానికి మనము తెలియకయే స్ఖోలే నిచ్చుచున్నాము: ‘వాడు చదువుకొనుచున్నాడు, పిలువకుడు’ అని పనిని వానికి ఇవతలనే నిలుపుచున్నాము. ఆడపిల్లకు తీరిక నిత్తుమనుచున్నాము, అనగా మిగిలినచో తీసికొమ్మనుచున్నాము. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ఆఱు మొదలు పదునాలుగేండ్ల వఱకు బాలబాలికలకు బడిని హక్కుగా నిచ్చినది. అది గొప్ప కార్యమే. కాని చట్టము బడిని ఈయగలదు. బడి యను మాటలోపలి తీరికను ఈయవలసినది గృహస్థులు.

శబ్దము పుట్టినప్పటి యర్థమే దానికి శాశ్వతమైన శాసనమని నేను చెప్పుటలేదు. అట్లు చెప్పినచో భాష ఒక్క యడుగు ముందుకు సాగదు. స్కూలు నేడు తీరిక కాదు. కావలెనని మాటను పట్టుకొని వాదించుట వ్యాకర్త పని యగును గాని సంస్కర్త పని కాదు. పాత యర్థము మనకొక ప్రశ్న నిచ్చును. చదువు ఏ నేలపై మొలచును? గోడలపై కాదు. శాల యెంత పెద్దదైనను అందు కూర్చుండుటకు వచ్చిన బిడ్డ మనస్సు ఇంటి పొయ్యిచుట్టు తిరుగుచున్నచో అది ఉత్త శాలయే. ఒకరు పనిని నిలిపి పట్టుకొన్నప్పుడే మఱియొకరికి స్ఖోలే కలుగును. ఆ పట్టులో కొంత ఓర్పు కావలెను. అన్నము గడియ ఆలస్యమగుటను, అంట్లు కొంతసేపు పడియుండుటను, మగవారు లేచి నీళ్లు తెచ్చుకొనుటను ఓర్చుకొనవలెను. స్కూలునకు సహనముతో గల చుట్టరికము నాకు ఇచ్చటనే అర్థవంతముగా తోచుచున్నది.

ఆ పుస్తకములోని ‘సాకు’ అను మాటను నేను తరువాత కొట్టివేసితిని. దానివలన ఆమెకు కలిగిన మేలు స్వల్పము. ఆమె తండ్రిని పిలిపించి మాటాడితిని. ఆయన తల యూచెను. కొన్ని దినములు ఆమె సకాలమున వచ్చెను, మరల ఆలస్యము మొదలైనది. నేను మరల పిలిపించితిని. ఈ పత్రికను చదువు గృహస్థులను నేను కోరునది పెద్ద త్యాగము కాదు. మీ యింటి యాడపిల్ల సాయంకాలము పుస్తకము విప్పినప్పుడు, ఒక గంటసేపు ఏ పనికిని ఆమెను పేరుపెట్టి పిలువకుడు.